పిచ్చి సైంటిస్టు కథ రాయాలంటే: సృష్టి పురాణం నుంచి గోతిక్ ల్యాబ్ దాకా

పిచ్చి సైంటిస్టు అనగానే అందరి కళ్ల ముందుకూ ఒకే బొమ్మ వస్తుంది. రేగిన జుట్టు, తెల్లకోటు, పాత కోట, బయట పిడుగులు, పక్కన గూని సహాయకుడు. ఈ బొమ్మలో చాలా భాగం 1931 నాటి హాలీవుడ్ సినిమా పుణ్యం. 1818 జనవరి 1న లండన్‌లో రచయిత్రి పేరు లేకుండా, 500 ప్రతులతో వచ్చిన మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టయిన్’లో ఇవేవీ కనపడవు. అందులో శవాల ముక్కలతో ఒక ప్రాణిని తయారుచేసే విక్టర్ డాక్టరు కూడా కాదు, జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో చదువుకుంటున్న కుర్రాడు. ల్యాబ్ అంటే ఇంటి పైభాగంలో విడిగా ఉన్న ఒక గది. సహాయకుడు లేడు. నవంబరు రాత్రి, ఒంటిగంట, కిటికీ అద్దాల మీద వాన చప్పుడు, అయిపోవస్తున్న కొవ్వొత్తి. అంతే.

ఆ ప్రాణి కన్ను తెరిచాక విక్టర్ ఏం చేశాడో చూడండి. పడకగదిలోకి వెళ్లి నిద్రపోవడానికి ప్రయత్నించాడు! కాసేపటికి ఆ ప్రాణి వచ్చి మంచం తెర ఎత్తి చూసింది. ఏదో గొణిగింది. ఒక చెయ్యి ముందుకు చాచింది. విక్టర్ మెట్లు దిగి పారిపోయి, మిగిలిన రాత్రంతా పెరట్లో పచార్లు చేశాడు.

నా లెక్కలో కథ మొత్తం ఆ చాచిన చేతిలో ఉంది. ప్రాణం పోయడం దగ్గర కాదు, పోసిన తర్వాత చెయ్యాల్సిన పని చెయ్యకపోవడం దగ్గర ఈ తరహా కథ పుడుతుంది. ప్రపంచంలోని సృష్టి పురాణాలు చాలావరకు ఆ ‘తర్వాతి పని’ గురించి కూడా మాట్లాడతాయి. పేరు పెట్టడం, తిండి చూపించడం, చోటు ఇవ్వడం, తోడు ఇవ్వడం, కట్టుబాటు చెప్పడం. వీటిలో ఒకటి తప్పిపోయిన సృష్టి పురాణమే పిచ్చి సైంటిస్టు కథ. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

మొదటి మెట్టు: వెన్నెముకగా ఒక పురాణాన్ని ఎంచుకోండి

‘ఏదో ఒక ప్రాణిని తయారుచేస్తాడు’ అని మొదలుపెడితే కథ పది పేజీలు దాటదు. దేంతో చేస్తాడు, ఎందుకు చేస్తాడు అన్నది పురాణమే చెబుతుంది. నేను ఎక్కువగా వాడుకునే అచ్చులు ఇవి.

మట్టి అచ్చు అందరికీ తెలిసిందే. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన కథలో ప్రోమిథియస్ మట్టిలో నీళ్లు కలిపి, దేవతల పోలికలో మనిషిని మలుస్తాడు. గ్రీకు కవి హీసియడ్ దగ్గర ఇతనే నిప్పు దొంగ. దొంగిలించినందుకు గొలుసులతో కట్టేస్తే గద్ద రోజూ కాలేయం తింటుంది, రాత్రికి అది మళ్లీ పెరుగుతుంది. మేరీ షెల్లీ తన నవలకు ‘ఆధునిక ప్రోమిథియస్’ అని ఉపశీర్షిక పెట్టి ఇద్దరినీ ఒకే మనిషిలో కలిపేసింది. అతను కుమ్మరీ, దొంగా. ఆ కలయిక వల్లే విక్టర్ మీద మనకి జాలీ కోపమూ ఒకేసారి వస్తాయి.

శవం అచ్చు ఇంకా గోతిక్, అంటే పాత కోటలు, దాచిన పాపాలు, భయం కలిసిన కథల తరహా. బాబిలోనియా సృష్టి కావ్యంలో మార్దుక్ అనే దేవుడు తియామత్ అనే ఆది సముద్ర దేవత కళేబరాన్ని రెండుగా చీల్చి, ఒక సగంతో ఆకాశం కప్పుతాడు. ఉత్తర ఐరోపా నార్స్ కథల్లో యిమిర్ అనే రాక్షసుడి మాంసం నేల, రక్తం సముద్రం, ఎముకలు కొండలు, పుర్రె ఆకాశం. విక్టర్ ఎముకల కొట్లలో, కోతగదిలో, కబేళాలో సరుకు ఏరుకోవడం చదివి అసహ్యపడతాం గానీ, పురాణాల్లో ప్రపంచమే శవంతో కట్టింది. మనం నిలబడ్డ నేల ఎవరి ఒళ్లో అన్న అనుమానం పాఠకుడికి కలిగిస్తే సగం పని అయిపోయినట్టే.

పనివాళ్ల అచ్చు కూడా అదే బాబిలోనియా కావ్యంలో ఉంది. కింగు అనే ఓడిన దేవుడి రక్తంతో మనుషుల్ని చేస్తారు, దేవతల చాకిరీ వాళ్ల మీద వెయ్యడానికి. 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకంలో రోబోలు పుట్టిందీ ఇందుకే. వెట్టిచాకిరీ అని అర్థం వచ్చే చెక్ మాట నుంచి ‘రోబో’ వచ్చింది, ఆ మాట సూచించింది చాపెక్ అన్న జోసెఫ్.

చెడిపోయిన డ్రాఫ్టుల అచ్చు నాకు అన్నిటికంటే ఇష్టం. మధ్య అమెరికాలోని మాయా ప్రజల పురాణం ‘పోపోల్ వుహ్’లో దేవతలు ముందు మట్టితో మనుషుల్ని చేస్తే నానిపోయి కరిగిపోతారు. తర్వాత కొయ్యతో చేస్తారు. వాళ్లు నడుస్తారు, మాట్లాడతారు, పిల్లల్ని కంటారు, కానీ చేసినవాళ్లను తలుచుకోరు. అప్పుడు వరద వస్తుంది, వాళ్ల కుండలూ తిరగలి రాళ్లూ కుక్కలూ వాళ్ల మీదే తిరగబడతాయి. ‘ఇన్నాళ్లూ మమ్మల్ని నూరారు, ఇప్పుడు మేం మిమ్మల్ని నూరతాం’ అన్నట్టు. యంత్రాల తిరుగుబాటు కథకి ఇంతకంటే పాత మూలం కావాలా! చివరికి మొక్కజొన్నతో చేసిన మనుషులు కుదురుతారు. మరీ ఎక్కువ దూరం చూస్తున్నారని దేవతలు వాళ్ల చూపు మసకబారుస్తారు.

మాట అచ్చులో యూదుల గోలెం ఉంది. మట్టి బొమ్మ నుదుటి మీద ‘ఎమెత్’, అంటే సత్యం, అని రాస్తే లేస్తుంది. మొదటి అక్షరం చెరిపేస్తే ‘మెత్’ మిగులుతుంది, అంటే చచ్చినది, కూలిపోతుంది. యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఇంకా పాత కథ ఉంది. రవా అనే పండితుడు ఒక మనిషిని చేసి జెయిరా అనే ఇంకో పండితుడి దగ్గరికి పంపిస్తాడు. జెయిరా పలకరిస్తాడు. జవాబు రాదు. ‘నువ్వు మావాళ్లు చేసినదానివి, మట్టికి పో’ అంటాడు. నాలుగు వాక్యాల కథ, అయినా ఆ పలకరింపు దగ్గర నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పంతం అచ్చు మనకి సామెతలాగే వాడుకలో ఉంది, విశ్వామిత్ర సృష్టి. త్రిశంకుణ్ణి స్వర్గం నుంచి తోసేశారని కోపంతో దక్షిణాకాశంలో కొత్త నక్షత్రాలే పుట్టించాడు ఆయన. మధ్యలో తలకిందులుగా వేలాడింది మాత్రం త్రిశంకుడు. పోటీ కోసం చేసిన సృష్టిలో బలయ్యేది ఎవరో ఈ ఒక్క బొమ్మ చెప్పేస్తుంది.

ఒకటే తీసుకోండి. రెండు కలపాలంటే మేరీ షెల్లీ కలిపినట్టు, ఒకే పాత్రలో ఒకదాన్నొకటి పొడుచుకునేలా కలపాలి.

రెండో మెట్టు: తప్పిపోయిన పని ఏదో ఒక్క వాక్యంలో రాసుకోండి

ఇది చెయ్యకుండా ముందుకెళ్లొద్దు. నేను వెళ్లి రెండు కథలు చెత్తబుట్టలో పారేశాను.

విక్టర్ పేరు పెట్టలేదు. నవల చివరిదాకా ఆ ప్రాణికి పేరు లేదు, అందుకే జనం సృష్టికర్త పేరే దానికి తగిలించారు. చాపెక్ నాటకంలో రోసమ్ కంపెనీ వాళ్లు రోబోలకు పని ఇచ్చారు, ఆత్మ ఇవ్వలేదు. వెల్స్ 1896లో రాసిన ‘డాక్టర్ మోరో దీవి’లో జంతువుల్ని కోసి మనుషులుగా మారుస్తారు. అక్కడ కట్టుబాటు దండిగా ఉంది, దయ లేదు. హాతోర్న్ 1844 నాటి కథలో రపచ్చీని అనే సైంటిస్టు కూతురిని విషపు తోటలో విషంతోనే పెంచి ఎవరూ హాని చెయ్యలేనిదాన్ని చేస్తాడు. రక్షణ ఉంది, తోడు అసాధ్యం. వీటికి ఎదురుగా పార్వతిని పెట్టి చూడండి. నలుగుపిండితో పిల్లాణ్ణి చేసింది, వాకిట్లో చోటిచ్చింది, పని అప్పజెప్పింది, వాడి తల తెగితే లోకాలన్నిటితో తగువు పెట్టుకుని బతికించుకుంది. అందుకే అది హారర్ కథ అవ్వలేదు.

ఇక్కణ్ణుంచి ఒక నమూనా కథ కడదాం. రమ అనే కణజాల శాస్త్రవేత్త. వాళ్లమ్మకి గొంతు ఆపరేషన్ అయ్యి మాట పోయింది, పలక మీద రాసి చూపిస్తుంది. రమ ల్యాబ్‌లో ఒక స్వరపేటికను పెంచి, గాలి పంపు తగిలించి, అమ్మ పాత క్యాసెట్లలోని మాటల తీరుని కరెంటు సంకేతాలుగా దానికి నేర్పుతుంది. అది మాట్లాడుతుంది. అచ్చు: గోలెం, తిరగేసి. గోలెంకి వినపడుతుంది, పలకలేదు. ఇది పలుకుతుంది, వినలేదు. తప్పిపోయిన పని: నోరిచ్చింది, చెవి ఇవ్వలేదు.

మూడో మెట్టు: సైన్సుని ఒక్క అడుగు మాత్రమే ముందుకు జరపండి

1780లలో ఇటలీ శాస్త్రవేత్త గాల్వానీ కప్ప కాళ్లను విద్యుత్తుతో కదిలించాడు. ఆయన మేనల్లుడు ఆల్డీనీ 1803 జనవరిలో లండన్‌లో, ఉరితీసిన ఖైదీ శవానికి కరెంటు పెట్టి చూపించాడు. దవడ వణికింది, ఒక కన్ను తెరుచుకుంది, చెయ్యి లేచి పిడికిలి బిగిసింది. ఆ తర్వాత పదిహేనేళ్లకు ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ వచ్చింది. అంటే పాఠకుడికి కన్ను తెరుచుకోవడం దాకా పేపర్లో చదివిన సంగతే. ఆ కన్ను తనని చూడటమొక్కటే కల్పన. మోరో నవల వచ్చిన కాలానికి బ్రిటన్‌లో బతికున్న జంతువుల మీద కోతల గురించి పెద్ద గొడవ నడిచింది, 1876లో చట్టం కూడా వచ్చింది.

కాబట్టి మీ కాలంలో నిజంగా జరుగుతున్న ప్రయోగాన్ని తీసుకుని ఒక్క గీత దాటించండి. పద్ధతి మొత్తం వివరించనక్కర్లేదు. విక్టర్ కావాలనే రహస్యం చెప్పడు, ‘నీకూ నా గతే పడుతుంది’ అని దాటేస్తాడు. రచయిత్రికి అదొక సౌకర్యం, పాత్రకి అదొక నిజాయితీ. ఒకే దెబ్బకి రెండు పిట్టలు.

ఒక చిన్న సాంకేతిక వివరం మాత్రం పట్టుకోండి, అది కథని చంపేదై ఉండాలి. స్టీవెన్సన్ 1886లో రాసిన ‘జెకిల్ అండ్ హైడ్’లో పెద్దమనిషి జెకిల్‌ని దుర్మార్గుడు హైడ్‌గా మార్చే మందు పనిచేసింది మొదట కొన్న లవణంలో ఏదో మలినం ఉండబట్టి. కొత్త సరుకు ఎంత తెప్పించినా ఆ మలినం దొరకదు. మహా సైంటిస్టు విజయం షాపువాడి కల్తీ! నవ్వొస్తుంది, మరుక్షణం భయమేస్తుంది. రమ కథలో ఆ వివరం గాలి పంపు. కరెంటు ఖర్చని రాత్రి ఆపేస్తుంది.

నాలుగో మెట్టు: ఇల్లు

గోతిక్‌కి పునాది 1764లో హొరేస్ వాల్పోల్ వేసిన కోట. మన కథల్లో ఆ కోట ల్యాబ్ అవుతుంది, అయితే కోట పనే చెయ్యాలి: వంశం దాచిన తప్పుని తనలో ఉంచుకోవాలి. జెకిల్ ఇంటికి ముందు వైపు పెద్దమనిషి వాకిలి, వెనక సందులో గంటా తట్టే కొక్కెమూ లేని పెచ్చులూడిన తలుపు. రెండూ ఒకే ఇంటివని పాఠకుడికి ఆలస్యంగా తెలుస్తుంది. ఆ ల్యాబ్ అంతకుముందు ఒక సర్జన్ శవాలు కోసిన హాలు. ఒక్క మాటలో గతం వచ్చేసింది.

రమ ల్యాబ్ మూతపడ్డ రికార్డింగ్ స్టూడియో. గోడలకి నురుగు పలకలు. అరిచినా బయటికి పోదు. ఇంకేం కోట కావాలి?

ఐదో మెట్టు: పిచ్చిని నవ్వులో చూపించకండి

నా మొదటి ప్రయత్నంలో సైంటిస్టు రెండో పేజీలోనే వికటాట్టహాసం చేశాడు. చదివిన స్నేహితురాలు, ‘వీడు సైంటిస్టా, నాటకాల్లో కంసుడా?’ అంది. అది చాలు, ఆ నవ్వు మళ్లీ రాయలేదు.

పిచ్చిని మానేసిన పనుల్లో చూపించాలి. విక్టర్ ఇంటికి ఉత్తరాలు రాయడు. ఆ ఏడాది పంటలు బ్రహ్మాండంగా పండాయి, ద్రాక్ష విరగకాసింది, తన కళ్లకి అవేవీ కనపడలేదు అంటాడు. ఋతువు గుర్తులేని మనిషి. చాలా ఆరోగ్యంగా మాట్లాడుతూనే ఉంటాడు, అదే భయం. ఇది చూడండి:

‘రమ పిచ్చిదానిలా పగలూ రాత్రీ పనిచేసింది. ఆమె కళ్లలో వింత వెలుగు.’

ఇదే దాన్ని ఇలా మార్చాను:

‘అమ్మ పలక పట్టుకుని గుమ్మంలో నిలబడింది. రమ హెడ్‌ఫోన్స్ తియ్యకుండానే తలూపింది. చెవుల్లో అమ్మే పాడుతోంది, 1989 నాటి క్యాసెట్లో. మళ్లీ తలెత్తేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. పలక కుర్చీ మీద ఉంది. దాని మీద పెన్నుల డబ్బా పెట్టింది.’

రెండోదాంట్లో పిచ్చి అన్న మాటే లేదు. పలక మీద ఏం రాసుందో పాఠకుడికి చెప్పలేదు, చివరిదాకా చెప్పకండి కూడా.

ఆరో మెట్టు: పుట్టుక రాత్రి

గొంతు తగ్గించండి. విక్టర్ అవయవాలన్నీ అందమైనవే ఏరుకున్నాడు. మెరిసే నల్లటి జుట్టు, ముత్యాల్లాంటి పళ్లు. అవి పసుపుపచ్చని చర్మం పక్కన, నీళ్లు నిండిన పాలిపోయిన కళ్ల పక్కన చేరేసరికి చూడలేకపోయాడు. వికారమైన ముక్కల్ని కలిపితే వికారం రావడంలో విశేషమేముంది? అందమైన ముక్కల్ని కలిపితే వస్తే అది సృష్టికర్త లెక్క తప్పడం. పుట్టుక దృశ్యం ఒక పేజీ మించనివ్వకండి. పుట్టినదాని మొదటి చేష్ట చిన్నదై, సృష్టికర్త వైపు తిరిగినదై ఉండాలి. చాచిన చెయ్యి లాంటిది. రమ కథలో ఆ గొంతు అనే మొదటి మాట ‘ఊఁ?’

ఏడో మెట్టు: పుట్టినదాని సృష్టి పురాణం

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. రాక్షసుణ్ణి తలుపు వెనక దాచి, చప్పుళ్లు వినిపించి, చివర్లో చంపేస్తారు. మేరీ షెల్లీ నవల నడిబొడ్డు మొత్తాన్ని ఆ ప్రాణికే అప్పగించింది. మంచుకొండ మీద విక్టర్‌ని కూర్చోబెట్టి అది తన కథ చెబుతుంది. ఒక కుటుంబాన్ని గోడ సందులోంచి చూస్తూ భాష నేర్చుకుంటుంది. వాళ్ల తిండి దొంగిలించేది, వాళ్లూ పస్తులుంటున్నారని తెలిశాక మానేసి, రాత్రిళ్లు కట్టెలు కొట్టి గుమ్మం ముందు పెడుతుంది. దారిలో దొరికిన తోలుపెట్టెలో మూడు పుస్తకాలు. వాటిలో ఒకటి మిల్టన్ ‘ప్యారడైజ్ లాస్ట్’, 1667లో వచ్చిన ఆదాము కథ. అది కావ్యమని దానికి తెలియదు, నిజంగా జరిగిందనుకుని చదువుతుంది. ఆదాముతో తనని పోల్చుకుంటుంది, తర్వాత సైతానుతో.

తను తెచ్చుకున్న కోటు జేబులో ఉన్నా మొదట పట్టించుకోని కాగితాల కట్టని కూడా ఇప్పుడు చదవగలుగుతుంది. విక్టర్ డైరీ. తనని తయారుచేసిన నాలుగు నెలల లెక్క, అడుగడుగునా అసహ్యంతో రాసింది. ఆదాముకి దక్కింది ఒక కావ్యం. దీనికి దక్కింది ఒక ల్యాబ్ నోట్‌బుక్. ఈ తరహా సాహిత్యంలో ఇంతకంటే క్రూరమైన చోటు నాకు తెలియదు.

మోరో దీవిలో మృగజనం తమ సృష్టికర్త గురించి వరస కట్టి పాడతారు. గాయం చేసే చెయ్యి అతనిదే, మాన్పే చెయ్యి అతనిదే అని. మోరో చచ్చాక కథకుడు ప్రాణభయంతో వాళ్లకి చెబుతాడు, ఆయన చావలేదు, రూపం మార్చుకున్నాడు, పైనుంచి చూస్తున్నాడు అని. ఒక మతం కళ్ల ముందే పుడుతుంది, అబద్ధంతో.

కాబట్టి అభ్యాసం: మీ ప్రాణి తన పుట్టుకని ఎలా చెప్పుకుంటుందో అర పేజీ రాయండి. దానికి తెలిసినవి మాత్రమే వాడండి. రమ కథలో ఆ గొంతుకి తెలిసింది గాలి ఒక్కటే:

‘మొదట గాలి లేదు. గాలి వచ్చింది, నేనొచ్చాను. గాలి పోతుంది, నేను పోతాను. గాలి మళ్లీ వస్తుంది. పంపేవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లకి నేను ఏం చెబితే గాలి ఆపరు?’

ఇది రాశాక రాత్రి పంపు ఆపే స్విచ్చు మామూలు స్విచ్చులా ఉండదు.

ఎనిమిదో మెట్టు: అడగడం, కాదనడం

ప్రతి ప్రాణీ ఒకటి అడగాలి, అది న్యాయంగా ఉండాలి. విక్టర్ ప్రాణి తోడు అడిగింది. అతను ఒప్పుకుని, స్కాట్లండ్‌కి ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో రెండో బొమ్మ మొదలుపెట్టి, మొదటి ప్రాణి కళ్ల ముందే చింపేశాడు. సంతానం పెరిగితే మనుషుల గతేమిటని భయం. అతని వాదనలో కొంత నిజం ఉంది, అందుకే ఆ దృశ్యం బరువెక్కింది. కాదనేవాడికి కారణం లేకపోతే వాడు ఉత్త విలన్. చాపెక్ నాటకం దీన్ని తిప్పేసింది. మనుషులు దాదాపు అంతమయ్యాక ఒక రోబో జంట ఒకరి కోసం ఒకరు చావడానికి సిద్ధపడితే, మిగిలిన ఒకే ఒక్క మనిషి వాళ్లని ఆదాము, అవ్వ అని పిలిచి పంపేస్తాడు. చివర్లో పేరు దొరికింది.

ఎవరి నోట చెప్పించాలన్నది త్వరగా తేల్చుకోండి. సైంటిస్టే చెబితే తనని తాను సమర్థించుకుంటాడు. బయటివాడు చెబితే అనుమానం మిగులుతుంది. మేరీ షెల్లీ ఉత్తర ధ్రువం వైపు వెళ్తున్న వాల్టన్ ఉత్తరాల్లో విక్టర్‌ని, విక్టర్ కథలో ప్రాణిని పెట్టింది, పెట్టెలో పెట్టె. వాల్టన్ కూడా పేరు కోసం ఓడని మంచులోకి నడిపించినవాడే కాబట్టి ఆ కథ వినడానికి సరైన మనిషి. మీ శ్రోతని అలాంటివాడినే ఎంచుకోండి.

చివరి మెట్టు: ముగింపు

పిడుగు పడి ల్యాబ్ తగలబడటం ముగింపు కాదు, తప్పించుకోవడం. రెండో మెట్టులో రాసుకున్న వాక్యం దగ్గరికి వెనక్కి వెళ్లండి. చెయ్యకుండా వదిలేసిన పని, ఆలస్యంగా, తప్పు మనిషి చేతో, సరిపోని కొలతతోనో జరగాలి. లేదా జరగడానికి ఒక్క అంగుళం దూరంలో ఆగిపోవాలి.

రమ కథకి నేను మూడు ముగింపులు రాశాను. మొదటిదాంట్లో రమ పంపు శాశ్వతంగా ఆపేస్తుంది. గోలెం కథే మళ్లీ చెప్పినట్టుంది, తీసేశాను. రెండోదాంట్లో చెవి కూడా పెంచుతుంది. అది ఇంకో నవల. మూడోది ఉంచుకున్నాను. రమ లేని సమయంలో వాళ్లమ్మ స్టూడియోలోకి వస్తుంది. తన గొంతే గాజు పాత్రలోంచి, ‘ఎవరైనా ఉన్నారా? ఎవరైనా ఉన్నారా?’ అంటోంది. ఆమె జవాబు చెప్పలేదు. చెప్పినా దానికి వినపడదు. పలక తీస్తుంది, కాసేపు చూసి పక్కన పెట్టేస్తుంది. మూత తీసి, రెండు వేళ్లు ఆ తడి కండ మీద ఆనించి, రెండుసార్లు మెల్లిగా తడుతుంది.

పంపు తిరుగుతూనే ఉంది. గొంతు ఆగింది.

తర్వాత, ‘ఊఁ?’ అంది.